దారిలో ఆగిపోయి, అరగంటకి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే కారు: ఎక్కడ వెతకాలి?

నడుస్తున్న కారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా అందుకోదు. టోయింగ్ వాళ్లకి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోపు ఊరికే ఒకసారి కీ తిప్పి చూస్తే ఠక్కున స్టార్ట్ అవుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ ఏ లోపమూ చూపించదు. "బ్యాటరీ వీక్ సార్" అంటారు, కొత్త బ్యాటరీ పడుతుంది. వారం తిరక్కుండా బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి మీద మళ్లీ అదే కథ. తర్వాత ప్లగ్గులు, ఆ తర్వాత ఫ్యూయల్ పంప్. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒక్కో పార్టూ మారుస్తూ పోవడమే గానీ, బండి ఆగినప్పుడు అసలేం జరిగిందో చూసినవాళ్లు ఉండరు.

ఈ రకం రోగం బండి చచ్చి ఉన్న ఆ కాసేపే కనపడుతుంది. స్టార్ట్ అయ్యాక షెడ్డులో ఎంత వెతికినా దొరకదు. అందుకే ఈసారి ఆగినప్పుడు రోడ్డు పక్కన నిలబడే కొన్ని విషయాలు చూసి పెట్టుకోవాలి. అవి చెప్పగలిగితే మెకానిక్ పని సగం అయిపోయినట్టే.

ముందు బండిని పక్కకి తీయండి. ఇంజిన్ ఆగాక స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేక్ ఒకటి రెండు నొక్కుల వరకే మామూలుగా పడుతుంది, ఆ తర్వాత కాలు గట్టిగా వేయాలి. కాబట్టి టపటపా కొట్టకుండా ఒకే నొక్కుతో ఆపండి. బండి పూర్తిగా ఆగేదాకా కీ బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది. ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు లాంటి చోట ఆగితే పరీక్షలన్నీ పక్కన పెట్టి, హజార్డ్ లైట్లు వేసి, మనుషులు దిగి గోడ వైపు నిలబడాలి. వెనక నుంచి వచ్చే బస్సుకి మీ బండి రోగం సంగతి తెలియదు.

సెల్ఫ్ తిరుగుతోందా, లేదా?

"స్టార్ట్ కావట్లేదు అన్నా" అని ఫోన్ చేసే ప్రతివాళ్లనీ నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. సగం మందికి జవాబు తెలియదు. కీ తిప్పినప్పుడు ఇంజిన్ గిర్రున తిరిగే శబ్దం వస్తోందా? లేక టిక్ మని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంటోందా? ఈ రెండూ పూర్తిగా వేరే జబ్బులు.

సెల్ఫ్ తిరగకపోతే బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్స్‌ని ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకుని మెలిపెట్టి చూడండి. కళ్లతో చూస్తే చాలదు, చేత్తో తిప్పాలి. కాస్త కదిలినా లూజే. 10 నంబర్ స్పానర్‌తో బిగిస్తే సరిపోయే దానికి బ్యాటరీలు మార్పించుకున్నవాళ్లని ఎంతమందిని చూశానో. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే విప్పి, వేడినీళ్లతో కడిగి, గీకి, మళ్లీ బిగించండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. మైనస్ నుంచి బాడీకీ గేర్‌బాక్స్‌కీ వెళ్లే ఎర్త్ వైరు రెండో కొసని కూడా చూడండి, అక్కడ తుప్పు పట్టినా ఇదే లక్షణం.

మల్టీమీటర్ ఉంటే లెక్క సులువు. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 9.6 కన్నా కిందికి పోకూడదు. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఆ చివరిది 12 దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయడం లేదు. నడిచినంతసేపూ బ్యాటరీని తాగేసి బండి ఆగుతుంది, మళ్లీ తిరగదు. అప్పుడు అరగంట కూర్చున్నా దానంతటది కోలుకోదు కాబట్టి మన అసలు కేసు ఇది కాదు.

డ్యాష్‌బోర్డ్ మొత్తం ఆరిపోయిందా?

ఆగిన క్షణంలో లైట్లు, పాటలు, మీటర్లు అన్నీ ఒకేసారి పోతే టెర్మినల్స్ తర్వాత అనుమానించాల్సింది ఇగ్నిషన్ స్విచ్‌ని. ఇంటి తాళాలు, ఆఫీసు తాళాలు, బీరువా తాళం, వెంకన్న బొమ్మ, అన్నీ ఒకే గుత్తికి వేలాడదీసే బండ్లలో ఇది ఎక్కువ. ఇంజిన్ నడుస్తుండగా ఇంటి దగ్గర కీని మెల్లగా అటూ ఇటూ కదపండి. లైట్లు మినుకుమన్నా, ఇంజిన్ తడబడినా స్విచ్ అరిగినట్టే. గుత్తి తీసేయడం తాత్కాలికం, స్విచ్ మార్చడం తప్పదు.

డ్యాష్‌బోర్డ్ బాగానే వెలుగుతూ, సెల్ఫ్ ఉత్సాహంగా తిరుగుతూ, ఇంజిన్ మాత్రం అందుకోకపోతే అసలు విషయానికి వచ్చాం.

సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు

మొదట కీ ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా చెవి పెట్టండి. వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు సన్నటి మూలుగు వినపడాలి. అది ఫ్యూయల్ పంప్. ఆ శబ్దమే లేకపోతే ఫ్యూజ్, తర్వాత రిలే (పంప్‌కి కరెంటు ఇచ్చే, ఆపే స్విచ్) చూడాలి. ఫ్యూజ్ బాక్స్‌లో హారన్ రిలే అదే నంబర్‌దై ఉంటే దాన్ని పంప్ రిలే చోట పెట్టి చూడండి, పైసా ఖర్చు లేని పరీక్ష. ఎప్పుడూ రిజర్వ్ లైట్ మీదే తిరిగే బండ్లలో పంప్ త్వరగా పోతుంది, ఎందుకంటే దాన్ని చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే. వేడెక్కి ఆగిన పంప్ కూడా చల్లారాక పనిచేస్తుంది. అంటే కింద చెప్పబోయే అసలు దొంగ లాగే నటిస్తుంది. తేడా ఏమిటంటే పంప్ పోయేటప్పుడు బండి ముందు గుంజుతుంది, తడబడుతుంది, యాక్సిలరేటర్ తొక్కినా ఎత్తుకోదు, ఆ తర్వాత ఆగుతుంది. స్విచ్ కట్టేసినట్టు ఒక్క క్షణంలో ఆగిందంటే పంప్ అయ్యే అవకాశం తక్కువ.

డ్యాష్‌బోర్డ్‌లో తాళంచెవి బొమ్మ గబగబా మినుకుతుంటే అది ఇమ్మొబిలైజర్, అంటే కీని గుర్తుపట్టకపోతే ఇంజిన్‌ని స్టార్ట్ కానివ్వని దొంగతనం అడ్డు. రెండో కీతో ప్రయత్నించండి.

క్రాంక్ సెన్సర్: అందరినీ తిప్పలు పెట్టేది ఇదే

ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతోందో, ఏ కోణంలో ఉందో బండిలోని కంప్యూటర్‌కి చెప్పే చిన్న సెన్సర్ ఒకటుంది. షాఫ్ట్‌తో పాటు పళ్ల చక్రం తిరుగుతుంటుంది. చాలా బండ్లలో 60 పళ్లకి చోటుండి, రెండు పళ్లు కావాలనే లేకుండా చేస్తారు. ఆ ఖాళీ సెన్సర్ ముందుకి వచ్చినప్పుడల్లా కంప్యూటర్‌కి లెక్క మొదలయ్యే చోటు తెలుస్తుంది. ఈ సిగ్నల్ పోతే కంప్యూటర్ దృష్టిలో ఇంజిన్ తిరగడమే లేదు. కాబట్టి స్పార్క్ ఆపుతుంది, ఇంజెక్టర్లు ఆపుతుంది, పంప్ రిలేని కూడా కట్ చేస్తుంది.

ఆ చివరి ముక్క దగ్గరే మెకానిక్‌లు కూడా పడిపోతారు. సెల్ఫ్ తిరిగేటప్పుడు పంప్‌కి కరెంటు రావడం లేదని చూసి "పంప్ సైడ్ ప్రాబ్లం" అని తేల్చేస్తారు. మంచి పంప్‌ని పీకి కొత్తది వేస్తారు. ఈలోగా ఇంజిన్ చల్లారుతుంది, బండి స్టార్ట్ అవుతుంది, పంప్ వల్లే బాగైందని అందరూ నమ్ముతారు. గుర్తు పెట్టుకోండి: కీ ఆన్ చేసిన రెండు సెకన్లు పంప్ మూలిగి, సెల్ఫ్ తిరిగేటప్పుడు మాత్రం దానికి కరెంటు రాకపోతే తప్పు పంప్‌ది కాకపోవచ్చు.

వేడికే ఎందుకు చస్తుంది? రెండు వైర్ల రకం సెన్సర్ లోపల వెంట్రుక కన్నా సన్నటి రాగి చుట్ట ఉంటుంది. అందులో ఎక్కడో చిన్న చిట్లు ఉంటే వేడికి అది విచ్చుకుంటుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. మూడు వైర్ల రకంలో లోపలి చిప్ వేడికి మొరాయిస్తుంది. బెంగళూరు చల్లటి ఊరే, బానెట్ కింద మాత్రం కాదు. సిల్క్ బోర్డ్ దగ్గర ఏసీ వేసుకుని గంటసేపు పాకుతుంటే లోపలికి గాలే పోదు. ఇంకో తమాషా ఉంది. ఇంజిన్ ఆపిన మొదటి పది పదిహేను నిమిషాలు బానెట్ కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. పండక్కి అనంతపురం వెళ్తూ బాగేపల్లి దగ్గర కాఫీకి ఆపి, తాగి వచ్చేసరికి స్టార్ట్ కాని బండ్ల గుట్టు అదే. ఆపేముందు దానికి ఏ రోగమూ లేదు.

పట్టుకోవడానికి మొదటి సాధనం డ్యాష్‌బోర్డ్‌లోని ఆర్‌పీఎం ముల్లు. ఆగిన క్షణంలో బండి ఇంకా గేర్‌లో దొర్లుతోంది, అంటే ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంది. అయినా ముల్లు సున్నాకి ఢామ్మని పడిపోయిందా? సిగ్నల్ పోయినట్టు. బండి వేగంతో పాటు మెల్లగా దిగిందా? సిగ్నల్ ఉంది, ఇంధనం వైపు చూడండి. తర్వాత సెల్ఫ్ కొడుతూ మళ్లీ చూడండి. చాలా బండ్లలో ముల్లు 200 దగ్గర కొద్దిగా లేస్తుంది. కొన్నింటిలో సెన్సర్ బాగున్నా లేవదు, అందుకే మీ బండిలో లేస్తుందో లేదో ఒక మంచి రోజు పొద్దున్న చూసి పెట్టుకోండి.

"అన్నా, మళ్లీ ఆగింది" అని కడుబీసనహళ్లి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పంప్, ప్లగ్గులు, బ్యాటరీ అప్పటికే మార్పించాడు. "సెల్ఫ్ కొట్టి ముల్లు చూడరా" అన్నాను. "కదల్లేదన్నా." "మామూలుగా కదులుతుందా?" "రోజూ కొంచెం లేస్తుంది." బండిని చేత్తో ముట్టుకోకుండానే పని అయిపోయింది.

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో గుచ్చే బ్లూటూత్ స్కానర్ ఉంటే ఇంకా నయం. లైవ్ డేటాలో ఇంజిన్ స్పీడ్ తెరిచి సెల్ఫ్ కొట్టండి. ఇంజిన్ తిరుగుతుంటే అంకె సున్నా దగ్గరే ఉందంటే దొంగ దొరికినట్టే. క్రాంక్ సెన్సర్ లోపం చెప్పే పీ0335 లేదా పీ0336 కోడ్ ఉంటే సరే సరి. కానీ కోడ్ లేదంటే సెన్సర్ మంచిదని అర్థం కాదు. సిగ్నల్ పూర్తిగా పోయినప్పుడు ఇంజిన్ ఆగిందనే కంప్యూటర్ అనుకుంటుంది, చాలాసార్లు కోడే పడదు. "స్కాన్ చేశాం సార్, ఏమీ లేదు" అన్న మాటతో నెలలు గడిపేసినవాళ్లు ఉన్నారు.

ఖాయం చేసుకోవడానికి తడిగుడ్డ పరీక్ష ఉంది. సెన్సర్ గేర్‌బాక్స్ కలిసే చోట ఉండొచ్చు, ముందు పుల్లీ దగ్గరా ఉండొచ్చు, మీ మోడల్‌ది ముందే తెలుసుకోండి. చేతికి అందే చోట ఉంటే, బండి చచ్చి ఉన్నప్పుడు తడిగుడ్డ దాని మీద ఒకట్రెండు నిమిషాలు ఉంచండి. వెంటనే స్టార్ట్ అయితే ఇంకేం కావాలి? బాటిల్ నీళ్లు గుమ్మరించొద్దు, పక్కనే కాలుతున్న సైలెన్సర్ పైపు ఉంటుంది, చేతులు జాగ్రత్త. షెడ్డులో అయితే రెండు వైర్ల సెన్సర్‌ని విప్పి, మీటర్ పెట్టి, హీట్ గన్‌తో వేడి చేస్తూ ఓమ్‌లు చూస్తారు. చల్లగా ఉన్నప్పుడు సరైన అంకె చూపించి, వేడికి ఓపెన్ అయితే, అంటే తీగ తెగినట్టు చూపిస్తే, చెత్తబుట్టకే. మూడు వైర్ల దానికి ఓమ్‌ల పరీక్ష పనికిరాదు, కప్లర్‌లో (వైరుని సెన్సర్‌కి తగిలించే ప్లగ్గులో) సప్లై, ఎర్త్ వస్తున్నాయో లేదో చూసి, సిగ్నల్ వైరుని చూడాలి.

మార్చేముందు వైరు చూడండి

కొత్త సెన్సర్ వేసినా ఆగిన బండ్లు ఉన్నాయి. అలాంటి ఒకదానిలో కప్లర్ నుంచి జానెడు దూరంలో వైరు సైలెన్సర్ పైపు మీది రేకుకి ఆనుకుంది. పైనున్న నల్ల గొట్టం ఒకవైపు మాత్రం నిగనిగలాడుతోంది. గోరుతో తోస్తే పెచ్చులా లేచి, లోపల రాగి మెరిసింది. వేడెక్కి మెత్తబడినప్పుడు రేకుకి తగిలేది, చల్లారితే వదిలేది. సెన్సర్‌కి పాపం ఏ సంబంధమూ లేదు.

అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పార్క్ చేసేవాళ్లు ఎలుకల్ని కూడా మర్చిపోవద్దు. కప్లర్ ఊడదీసి పిన్నులు వదులయ్యాయేమో, నూనె చేరిందేమో చూడండి. రెండు వైర్ల సెన్సర్ కొసలో అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఇనప రజను అంటుకుంటుంది, తుడవండి.

సెన్సర్ కొనేటప్పుడు చవకదానికి పోవద్దు. బెంగళూరులో స్పేర్ పార్టులు అమ్మే జేసీ రోడ్డులో మంచి సరుకూ దొరుకుతుంది, డబ్బా మాత్రమే అసలుదైన సరుకూ దొరుకుతుంది. పాత దాని మీది పార్ట్ నంబర్ చూపించి అడగండి. కొన్ని మోడళ్లలో మార్చాక స్కానర్‌తో రీలెర్న్ (కొత్త సెన్సర్‌ని కంప్యూటర్‌కి అలవాటు చేయడం) చేయించాలి.

మిగతావి

ఐడిల్‌లో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగి వెంటనే స్టార్ట్ అయితే థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే భాగం) మురికి, శుభ్రం చేయిస్తే చాలు. వాన పడ్డాక, పెట్రోల్ కొట్టించిన వెంటనే మొదలైతే ట్యాంకులో నీళ్లు. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో నీళ్లు చేరితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగుతాయి, ట్యాంకు దించాల్సిందే. వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ స్థానం చెప్పే క్యామ్ సెన్సర్ పోతే చాలా బండ్లు ఆలస్యంగానైనా అందుకుంటాయి. మెయిన్ రిలే లోపలి టంకం చిట్లడం అప్పుడప్పుడు చూస్తాం, రిలే మారిస్తే తేలిపోతుంది. వేపర్ లాక్ (వేడికి పెట్రోల్ గొట్టంలోనే ఆవిరై దారికి అడ్డం పడటం) అనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. కార్బురేటర్ బండ్లతో పాటే దాని కాలం దాదాపు అయిపోయింది. కంప్యూటరే పోయిందని ఎవరైనా అంటే, పైవన్నీ చూశారా అని అడగండి.

సరిచేశాక పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఒక రౌండ్ కొట్టి బాగైందనుకోవద్దు. సాయంత్రం ఆరింటికి ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో గంట తిప్పండి. ఒక బంకు దగ్గర ఆపి, పది నిమిషాలు ఆగి, మళ్లీ సెల్ఫ్ కొట్టండి. రెండో కీ, ఒక స్పానర్ ఇంకొన్నాళ్లు బండిలోనే ఉండనివ్వండి.