కొత్త ప్రొపెల్లర్ బిగించాక ఔట్‌బోర్డ్ మోటారులో శబ్దం: కారణాలు, పరిష్కారాలు

చెన్నై కాసిమేడు నుంచి ఎన్నూరు, పళవేర్కాడు (పులికాట్) దాకా, వెనుక ఔట్‌బోర్డ్ మోటారు తగిలించిన చిన్న ఫైబర్ పడవ నడిపేవారికి ప్రొపెల్లర్ మార్చడం కొత్త పనేమీ కాదు. పళవేర్కాడు సరస్సు లోతు తక్కువ, ముఖద్వారం దగ్గర ఇసుక మేటలు ఎక్కువ. రెక్క అంచు ఒకసారి గట్టిగా నేలకు తగిలితే వంకర పోతుంది. మార్చడానికి అరగంట చాలు. అయితే ఆ తరువాత ఇంజను మునుపు లేని శబ్దం చేస్తే చాలామంది కొత్త ప్రొపెల్లర్‌నే అనుమానించి దుకాణానికి తిరిగి పట్టుకుపోతారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువసార్లు బిగించిన తీరులోనే ఉంది. దాన్ని తేల్చుకోవడానికి శబ్దం ఎప్పుడు వస్తోందో ముందు గమనించాలి: న్యూట్రల్‌లోనా, గేరు వేసిన క్షణంలోనా, నెమ్మదిగా పోతున్నప్పుడా, పూర్తి థ్రాటిల్‌లోనా. న్యూట్రల్‌లో ఇంజను ప్రొపెల్లర్‌ను తిప్పదు కాబట్టి, అక్కడ కూడా అదే శబ్దం అంతే గట్టిగా వినిపిస్తే కారణాన్ని మరోచోట వెతకాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం ఉండే రోజుల్లో మెకానిక్కులు పెద్ద పడవల మరమ్మతుల్లో మునిగిపోయి ఉంటారు. అప్పుడు చిన్న మోటారు మోసుకువచ్చినవాడిని పలకరించేవారు ఉండరు కనుక, ఈ కింది పరీక్షలు సొంతంగా చేసుకోవడం తెలిసి ఉంటే మంచిది.

ప్రొపెల్లర్ మీద చేయి వేసే ముందు కిల్ స్విచ్ (ఇంజనును వెంటనే ఆపే స్విచ్) తాడు తీసేసి, స్పార్క్ ప్లగ్ వైర్లు ఊడదీయండి. గేరులో ఉన్న మోటారును రెక్క పట్టుకుని తిప్పితే ఇంజను అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లు లేకుండా ఒడ్డున ఇంజను నడపకండి, నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కొద్దిసేపట్లోనే పాడవుతుంది.

గేరు వేయగానే లోహం గీసుకుంటున్న శబ్దం

ఇదే అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది, దీని వెనుక ఉండేది సాధారణంగా థ్రస్ట్ వాషర్. షాఫ్ట్ మీద ప్రొపెల్లర్‌కు ముందు, గేరు కేసు వైపున కూర్చునే ఈ మందపాటి వాషర్ ప్రొపెల్లర్ తోపును షాఫ్ట్‌కు అందిస్తుంది, హబ్బు (ప్రొపెల్లర్ రెక్కలు అతికి ఉండే మధ్య భాగం) గేరు కేసుకు తగలకుండా ఎడం ఉంచుతుంది. పాత ప్రొపెల్లర్‌ను లాగినప్పుడు ఈ వాషర్ గ్రీజుతో దాని హబ్బుకే అంటుకుని వచ్చేస్తుంది. నా మోటారుకు జరిగిందీ అదే: కొత్తది బిగించి గేరు వేయగానే సాన పట్టినట్టు కరకరమంది. "పాతదానికి అంటుకుని పోయుంటుంది, చూడు బాబూ," అని రాయపురంలో ఒక పెద్ద మెకానిక్ ఇంజను వైపు చూడకుండానే చెప్పేశారు. పాత ప్రొపెల్లర్ అప్పటికే పాత ఇనుము బండి ఎక్కేసింది.

వాషర్ ఉన్నా అది తిరగబడి ఉండవచ్చు. చాలా మోటార్లలో దీనికి ఒక పక్క ఏటవాలు చెక్కుడు ఉంటుంది. ఆ పక్క షాఫ్ట్ మీది ఏటవాలులో ఇమిడిపోవాలి. తిప్పి వేస్తే ప్రొపెల్లర్ వెనక్కి జరిగి, నట్టుకు సరిపడా మర దొరకదు. కాబట్టి ప్రొపెల్లర్ విప్పి, వాషర్ వరుసను మాన్యువల్‌లోని బొమ్మతో పోల్చి చూడండి. గేరు కేసు వెనుక అంచు మీద, హబ్బు ముందు అంచు మీద మెరుస్తున్న గీతలు కనిపిస్తే రెండూ రాసుకుంటున్నట్టే. మళ్లీ బిగించేటప్పుడు షాఫ్ట్ పళ్లకు నీటికి కరగని గ్రీజు పూయండి. నట్టు గాడి, షాఫ్ట్ రంధ్రం ఒక వరుసలోకి రాకపోతే నట్టును వదులు చేయకుండా తరువాతి గాడి దాకా బిగించి, కొత్త కాటర్ పిన్ను (నట్టు ఊడకుండా ఆపే పిన్ను) వేయండి.

అన్నీ సరిగా ఉన్నా రాపిడి ఆగకపోతే ఆ ప్రొపెల్లర్ మీ మోటారుది కాదని అర్థం. షాఫ్ట్ పళ్లు సరిపోయినంత మాత్రాన హబ్బు పొడవు, వ్యాసం సరిపోవాలని లేదు.

వేగంతోపాటు పెరిగే మూలుగు, వణుకు

రెక్కల్లో ఒకటి వంగినా, బరువు సమంగా లేకపోయినా ఇలా అవుతుంది. మోటారును న్యూట్రల్‌లో ఉంచి, కదలకుండా కట్టిన ఒక పుల్ల కొనను రెక్క చివరకు దగ్గరగా పెట్టి, ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఒక రెక్క దగ్గర మాత్రం ఎడం మారితే లోపం ఆ రెక్కదే. రెక్కల తేడాతో పని లేకుండా షాఫ్ట్ చివరే గుండ్రంగా ఊగుతుంటే షాఫ్ట్ వంగింది. పాత ప్రొపెల్లర్‌ను పాడుచేసిన దెబ్బే దాన్నీ వంచి ఉంటుంది. సుత్తితో సరిచేయడానికి చూడకండి, షాఫ్ట్ మార్చవలసిందే.

ఒకే వేగం దగ్గర వినిపించే ఈల

కొంచెం వేగం పెంచినా, తగ్గించినా మాయమయ్యే సన్నని రాగం ఇది. రెక్క వెనుక అంచు నుంచి విడిపోయే సుడులు, రెక్క సహజ కంపనం ఒకే లయకు వచ్చినప్పుడు పుడుతుంది. వెనుక అంచును ఒక పక్క కొద్దిగా ఏటవాలుగా అరగదీస్తే పోతుంది. రెక్కలన్నిటికీ సమానంగా తీయాలి కనుక ఇది ప్రొపెల్లర్ పని తెలిసినవారికే వదిలేయండి.

ఇంజను అరుస్తుంది, పడవ కదలదు

దీనికి మూడు కారణాలు ఉండవచ్చు. చాలా చిన్న మోటార్లలో ప్రొపెల్లర్‌ను షియర్ పిన్ను తిప్పుతుంది. అది తెగితే ఇంజను ఎంత అరిచినా ప్రొపెల్లర్‌కు బలం అందదు. దాని స్థానంలో మేకు ముక్క పెట్టే అలవాటు మన తీరంలో ఉంది, అది మానుకోవాలి. దెబ్బ తగిలితే తాను తెగి గేర్లను కాపాడటమే ఆ మెత్తటి పిన్ను పని, గట్టి ఇనుము ఆ దెబ్బను నేరుగా గేర్లకు చేరవేస్తుంది.

రబ్బరు హబ్బు ఉన్న ప్రొపెల్లర్‌లో ఆ రబ్బరు జారవచ్చు. లోపలి గొట్టం మీదుగా బయటి హబ్బు మీదికి మార్కరుతో ఒక గీత గీసి, పడవను బలంగా నడిపి వచ్చి చూడండి. గీత రెండుగా విడిపోయి ఉంటే హబ్బు మార్చాలి.

మూడోది రెక్కలకు గాలి అందడం. మోటారు మరీ ఎత్తుగా వేలాడుతుంటే పైనుంచి గాలి పీల్చుకుంటుంది. రెక్కల పైన ఉండే అడ్డపలక పడవ అడుగుతో సమంగా గాని, అంగుళం వరకు కిందికి గాని ఉండాలి. పొగ హబ్బు గుండా పోయే మోటార్లలో కొత్త ప్రొపెల్లర్ హబ్బుకు, గేరు కేసుకు మధ్య సందు ఎక్కువైతే ఆ పొగే రెక్కల మీదికి పాకుతుంది. ఇవేవీ కాకుండా, పడవ చక్కగా పరుగెత్తుతున్నా ఇంజను మునుపటికంటే గట్టిగా అరుస్తుంటే పిచ్, అంటే ఒక చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు జరగవలసిన దూరం, తగ్గి ఉండవచ్చు. హబ్బు మీది 9¼ × 8 వంటి అంకెల్లో మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. పిచ్ ఒక అంగుళం తగ్గితే ఇంజను నిమిషానికి సుమారు 150 నుంచి 200 చుట్లు ఎక్కువ తిరుగుతుంది.

మందవేగంలో గలగల, గేరు వేస్తే టక్కు

అల్యూమినియం తీసి బరువైన స్టెయిన్‌లెస్ స్టీలు ప్రొపెల్లర్ వేసినవారు దీన్ని ఎక్కువగా వింటారు. వేగం పెంచితే ఆగిపోయే గలగల సాధారణంగా హానికరం కాదు, ఐడిల్ వేగం (థ్రాటిల్ వదిలేసినప్పుడు ఇంజను తిరిగే వేగం) సరిచేస్తే తగ్గుతుంది. టక్కు పోతుందని లివరును మెల్లగా జరపకండి; గేరును పట్టుకునే క్లచ్ పళ్ల అంచులు అరిగేది అలాగే.

పైవన్నీ చూసినా ఆగని గరగర

ప్రొపెల్లర్ పూర్తిగా తీసేసి, మోటారును నీటి డ్రమ్ములో ముంచి, గేరు వేసి మందవేగంలో నడపండి. అప్పుడూ గరగర వినిపిస్తే లోపం గేరు కేసులోనే ఉంది. తెగిన వలల నైలాన్ దారం షాఫ్ట్‌కు చుట్టుకుని ఆయిల్ సీలును కోసేయడం సముద్రంలో తిరిగే మోటార్లకు మామూలే. ఇంజను ఆపి కింది స్క్రూ కొద్దిగా వదులు చేసినప్పుడు గేరు నూనె పాలలా తెల్లగా వస్తే లోపలికి నీరు చేరింది. ఆ స్థితిలో ఇంకొక్క వేటకు కూడా వెళ్లకండి, బేరింగులకు తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. సీళ్లు మార్పించడానికి మోటారును తీసుకువెళ్లేటప్పుడు పాత ప్రొపెల్లర్‌ను, విప్పిన వాషర్లతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. కొలతలు పోల్చి చూడటానికి మెకానిక్ మొదట అడిగేవి అవే.