అమ్మవారి ముఖం మీద మెట్లు మిగిలిపోతున్నాయా?

సీఎన్‌సీ యంత్రం (కంప్యూటరు నడిపే చెక్కుడు యంత్రం)తో టేకు పలక మీద దుర్గమ్మను చెక్కారు. మకరతోరణం, లతలు నున్నగా వచ్చాయి. నుదుటి మీద, చెంపల మీద మాత్రం రఫింగ్ (నునుపు చేసే ఫినిషింగ్‌కు ముందు ముతకగా చెక్కడం) మెట్లు అలాగే ఉన్నాయి. బెజవాడలో నా దగ్గరకు ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. వచ్చేవారు అప్పటికే బిట్టు (చెక్కే కత్తి) మార్చి, డిజైన్ ఫైలు మళ్లీ చేయించి ఉంటారు. పలక వంగి అంచు లేచిందేమోనని దాని కింద పోస్టుకార్డు దూర్చి చూసినవారు ఒక్కరూ లేరు. దయచేసి ముందు ఆ పని చేయండి.

గీతలు బిట్టు నడిచిన దారి వెంట, సమాన దూరంలో ఉంటే అది స్టెప్‌ఓవర్ (బిట్టు ఒక వరుస నుంచి పక్క వరుసకు జరిగే దూరం) దోషం. 3 మిల్లీమీటర్ల బాల్‌నోస్ (గుండ్రటి మొన బిట్టు)కు 0.3 మిల్లీమీటర్లు పెడితే తగ్గుతుంది. గీతలు కొండవాలు పొలం గట్లలా చెంపను చుట్టి ఉంటే ఫినిషింగ్ బిట్టు అక్కడ చెక్కను తాకలేదని అర్థం. పని నడుస్తుండగానే ఇది కనిపెట్టవచ్చు. తోరణం దగ్గర రాలిన పొట్టు నుదుటి మీదకు వచ్చేసరికి ఆగిపోతుంది.

కారణం, లోపల ఆరని చెక్క. అడితిలో తేమ మీటరు గుచ్చితే 11 శాతం చూపిందని నమ్మి నేనూ ఒక తలుపు పాడుచేసుకున్నాను. ఆ సూదులు దిగేది కొద్ది మిల్లీమీటర్లే. తరువాత పలకను అడ్డంగా కోసి, కోసిన చోట గుచ్చితే 19 చూపింది. రెండంగుళాల పలకలో పైపొర ఎండినా నడుమ పచ్చి ఉండిపోతుంది. రఫింగ్ ఆ ఎండిన పొరను ఒకవైపే తీసేస్తుంది. బయటపడిన పచ్చి చెక్క రాత్రికి రాత్రి ఆరి కుంచించుకుంటే పలక దోనెలా వంగి అంచులు లేస్తాయి. పొద్దున బిట్టు మార్చి, అలవాటు కొద్దీ ఆ లేచిన అంచు మీదే జీరో (యంత్రం లోతును లెక్కపెట్టే మొదలు) పెడతాం. అంచు ఒక మిల్లీమీటరు లేచిందంటే, రఫింగ్‌లో అర మిల్లీమీటరే వదిలిన ముఖానికి బిట్టు ఎలా అందుతుంది?

కొనేటప్పుడే చివరి నుంచి అడుగు లోపలికి కోయించి, ఆ కోతలో గుచ్చి చూడండి. 12 దాటితే చెక్కవద్దు. అనుమానం ఉంటే రఫింగ్‌లో 3 మిల్లీమీటర్లు వదిలి, పలకను విప్పి, రెండు వైపులా గాలి తగిలేలా నీడలో వారం నిలబెట్టండి. వెనకవైపు చిత్రిక పట్టి మళ్లీ బిగించండి. అర మిల్లీమీటరు వదిలి ఇంకోసారి రఫింగ్ చేశాకే ఫినిషింగ్‌కు వెళ్లండి. జీరో ఎప్పుడూ యంత్రం బల్ల మీదే పెట్టండి, చెక్క మీద వద్దు.

నూగు లేస్తే బిట్టు మొండిబారినట్టే. టేకులోని సిలికా అంచును త్వరగా తినేస్తుంది. కొండపల్లి బొమ్మల పొణికి చెక్కకైతే పదునైన బిట్టుతోనూ కొంత నూగు తప్పదు, పలుచగా సీలర్ (చెక్క రంధ్రాలు మూసే పూత) పూసి చివరి పాస్ మళ్లీ నడపండి. చెక్క మాడితే బిట్టు ముందుకు కదిలే వేగం పెంచండి. జెడ్ స్క్రూ (బిట్టును పైకీ కిందికీ కదిపేది) వదులు కావడం, ఫైలు చెడిపోవడం చాలా అరుదు, వాటిని చివర చూసుకోండి.

మెట్లు మిగిలిన పలకను పారేయకండి, ముఖంలో చెక్క ఇంకా ఉంది. బల్ల మీద నుంచి కదపకుండా జీరోను 0.2 చొప్పున దించుతూ ముఖం వరకే నడపండి. నుదుటి మీద, చెంపల మీద మెట్లు పూర్తిగా పోయిన లోతు దగ్గర ఆపండి.