ఆశ్వయుజ, కార్తీకాల్లో కుక్కతో కొండెక్కాలంటే

పంచాంగంలో ఇది శరదృతువే గానీ, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ రెండు నెలలకూ చలికీ సంబంధం లేదు. ఎండ కాసిన రోజు పదింటికల్లా బండ చుర్రుమంటుంది. వాన పడిన మర్నాడు అదే బండ నాచు పట్టి జారుతుంది. ఈశాన్య రుతుపవనాలు మనకు వానలిచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే కాబట్టి తేదీ ముందే ఖాయం చేసుకోకండి. రెండు రోజులు వాన తెరిపిచ్చి, అల్పపీడనం కబురు లేని రోజు చూసుకోండి. పొద్దున మోకాల్లోతులో దాటిన వాగు, పైన వాన పడితే మధ్యాహ్నానికి నడుములోతు అవుతుంది.

కొండ విషయానికొస్తే, పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం. ప్రకాశం పడమటి వైపు నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. అటు కుక్కను తీసుకెళ్లే ఆలోచనే వద్దు. రూలు సంగతి అలా ఉంచితే, కుక్కలకొచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అడవి జంతువులకు అంటుకుంటుంది, చిరుతకేమో కుక్క సులువుగా దొరికే ఆహారం. ఉదయగిరి దగ్గరి కొండలైనా, కనిగిరి కొండైనా రిజర్వు ఫారెస్టు హద్దు ఎక్కడుందో ముందు ఫారెస్టు రేంజ్ ఆఫీసులో అడగండి. గుడి ఉన్న కొండలకు జనం లేని రోజు పోవాలి. మాలకొండ గుడి తెరిచేది శనివారమే, భైరవకోనకు కార్తీక సోమవారాల్లో జనం పోటెత్తుతారు. జనం ఉన్నచోట కోతులుంటాయి, కోతుల గుంపు కుక్కను ఊరికే వదలదు.

ఏడాది నిండని కుక్కపిల్లనూ, ముసలి కుక్కనూ, పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులనూ ఇంట్లోనే ఉంచండి. మిగతావాటికి నాలుగు వారాల ముందు నుంచి పొద్దున్నే మూడు కిలోమీటర్లు, తర్వాత ఐదు, ఏడు, అలా నడక పెంచాలి. మేడ మీదే పెరిగిన కుక్క పాదాల మెత్తలు పలచగా ఉంటాయి. మట్టిదారి అలవాటు చేయకుండా గరుకు బండ ఎక్కిస్తే గంటలో తోలు లేస్తుంది. రేబిస్ టీకా, ఎలుక జ్వరం కూడా కలిసిన ఏటేటి టీకా గడువులోనే ఉన్నాయో లేదో చూసుకోండి. పిడుదుల మందు మెడ మీద చుక్కలుగా వేసేదైతే రెండు రోజుల ముందే వేయాలి, ఆ రెండు రోజులూ స్నానం చేయించకూడదు.

నీళ్లలో పీనాసితనం పనికిరాదు. కిలో బరువుకు 100 మిల్లీలీటర్ల లెక్కన, 20 కిలోల కుక్కకు రెండు లీటర్లు. మీవి వేరే. ఇరవై నిమిషాలకోసారి 100 నుంచి 150 మిల్లీలీటర్లు తాపండి. ఒక్కసారిగా గిన్నెడు తాగించి పరుగెత్తిస్తే కడుపు ఉబ్బుతుంది. అందుకే బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకండి. మూడు గంటల ముందు కొంచెం పెరుగన్నం, దారిలో ఉడికించిన గుడ్డు చాలు. గుడిలో ఇచ్చిన చక్కెర పొంగలి మాత్రం పెట్టొద్దు, అందులోని ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలకు విషం. ఉల్లిపాయ పడిన పులావూ పెట్టొద్దు.

మెడపట్టీ కాదు, వీపు మీద పిడి ఉన్న హార్నెస్ (ఛాతీ చుట్టూ బిగించే పట్టీ) వేయండి. రాళ్ల మెట్టు దగ్గర ఆ పిడి పట్టుకునే పైకి లేపుతారు. తాడు రెండు మీటర్లది, మామూలుది. సాగుతూ చుట్టుకునే రకం కంపచెట్లకు తగులుకుంటుంది. మా కుక్క మాట వింటుందని తాడు విప్పేవాళ్లే ఎక్కువ, మా దృష్టిలో అతి పెద్ద తప్పు అదే. ఎలుగును చూసి మొరిగిన కుక్క చివరికి పరుగెత్తి వచ్చేది మీ దగ్గరికే, ఎలుగును వెంటేసుకుని. పైగా కొండ కింది చేలల్లో అడవిపందుల కోసం ఉచ్చులు, కరెంటు తీగలు పెడతారు. వాసన పట్టి పోయే కుక్క ముందు పడేది వాటిలోనే.

ఐదున్నరకే కొండ కింద ఉండి, వెలుతురు రాగానే ఎక్కడం మొదలుపెట్టండి. ఎక్కడిదాకా వెళ్లినా ఎనిమిదిన్నరకు వెనక్కి తిరగండి. అలిసిపోయినా కుక్క మీ వెనకే వస్తుంది, ఆగమని చెప్పాల్సింది మీరే. అరచేతి వెనకభాగం బండకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే, దాని పాదాలూ ఓర్చలేవు. నాలుక వెడల్పుగా సాగి, చిగుళ్లు ముదురు ఎరుపై, నడక తూలిందంటే వడదెబ్బ. వెంటనే నీడలో పడుకోబెట్టి పొట్ట, తొడల లోపలి వైపు, పాదాల మీద నీళ్లు పోస్తూ తుండుతో విసరండి. తడి తుండు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. సంచిలో ఒక పాత దుప్పటి పెట్టుకుంటే ఇద్దరు చెరో రెండు కొసలు పట్టి మోసుకు రావచ్చు. రక్తపింజర, కట్లపాము, నాగుపాము విషాలకు మనుషులకిచ్చే విరుగుడు మందునే కుక్కలకూ ఎక్కిస్తారు. అది దగ్గర్లో ఏ పశువైద్యశాలలో ఉందో బయల్దేరే ముందే కనుక్కోండి. నొప్పికని పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ వేయకండి.

దిగగానే కారెక్కించే ముందు పావుగంట ఒళ్లంతా చూడాలి. ఉత్తరేణి గింజలు దువ్వెనతో పోతాయి, పల్లేరుకాయ కనిపిస్తూనే ఉంటుంది. దొంగది ఎండిన గడ్డి ముల్లు. ఒకవైపు సూదిమొన, దాని మీద వెనక్కి వాలిన నూగు. అందువల్ల అది ముందుకే పోతుంది, వెనక్కి రాదు. కాలివేళ్లు ఒక్కొక్కటీ విడదీసి, మధ్య చర్మాన్ని వేలితో తడమండి. కుక్క అక్కడే నాకుతున్నా, తల ఒకవైపే విదిలిస్తున్నా ముల్లు దిగినట్టే. చెవిలోకి దిగిన ముల్లును మీరు కెలక్కండి, డాక్టరు దగ్గరే తీయించండి.

పిడుదును ట్వీజర్‌తో చర్మానికి ఆనుకుని పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగాలి. కిరోసిన్ పోస్తే, అగ్గిపుల్ల పెడితే అది కక్కే ఉమ్మి గాయంలోకే పోతుంది. వెళ్లొచ్చిన మూడు వారాల్లో కుక్క తిండి మానేసినా, ఒళ్లు కాలినా, చిగుళ్లు పాలిపోయినా రక్తపరీక్ష చేయించండి. కొండకు వెళ్లొచ్చిన తేదీ డాక్టరుకు చెప్పడం మరవకండి.