రోహిణి కార్తె రాకముందే లాప్‌టాప్ డిస్క్ సంగతి చూసుకోండి

మార్చి నుంచి జూన్ దాకా మన వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో లాప్‌టాప్‌లకు కష్టకాలం. ఎండ ఒక్కటే కారణం కాదు. మార్చి 31లోపు లెక్కలు ముగించాలి, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వచ్చిపడుతుంటాయి, కాకతీయ యూనివర్సిటీలో, నిట్‌లో పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులతో కుస్తీ పడుతుంటారు, పెళ్లి కార్డులతో డీటీపీ సెంటర్లకు ఊపిరాడదు. మెషీన్లు రోజంతా నడిచేది కూడా అప్పుడే. డిస్క్ పోయేదుంటే సరిగ్గా అలాంటి రోజుల్లోనే పోతుంది.

నేను హన్మకొండలో లాప్‌టాప్ రిపేర్లు చేస్తాను. నా టేబుల్ మీదికి వచ్చేవి చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒకటే: డేటా పూర్తిగా పోవడానికి చాలాసార్లు కారణం డిస్క్ చెడిపోవడం కాదు, చెడిపోతున్నదని తెలిసిన మొదటి రెండు మూడు గంటల్లో మనం చేసే పనులు. అందుకే ముందు చేసుకోవాల్సినవి, ఆ గంటల్లో చేయకూడనివి ఇక్కడ రాస్తున్నాను.

మీ లాప్‌టాప్‌లో ఉన్నది ఏ డిస్కో ముందు తెలుసుకోండి. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ మీద నొక్కితే హెచ్‌డీడీనో ఎస్ఎస్‌డీనో చెబుతుంది. హెచ్‌డీడీ అంటే లోపల పళ్లేలు తిరిగే పాతరకం. లాప్‌టాప్‌లలో అవి ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి, వాటి మీద చదివే హెడ్ ముట్టుకోకుండా గాలి పొర మీద తేలుతుంది. కుదుపు దానికి శత్రువు. మూత వేసి అట్లాగే బ్యాగులో పడేసి కాజీపేట నుంచి బండి మీద వస్తే, లోపల డిస్క్ ఇంకా తిరుగుతూ ఉండొచ్చు. షట్‌డౌన్ చేసి, లైటు ఆరిపోయాకే బ్యాగులో పెట్టండి. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కాబట్టి కుదుపుతో భయం తక్కువ. కానీ అది పోయేటప్పుడు చాలాసార్లు చెప్పి పోదు. రాత్రి పనిచేసింది పొద్దున బయాస్‌లోనే (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) కనిపించదు.

ఇక ఎండ. రోహిణి కార్తె మే చివరి వారంలో మొదలవుతుంది, కానీ రామగుండం, మంచిర్యాల వైపు ఏప్రిల్ నుంచే మాడిపోతుంటుంది. మామూలు హెచ్‌డీడీలకు కంపెనీలు ఇచ్చే పైహద్దు 60 డిగ్రీలు, ఎస్ఎస్‌డీలకు ఎక్కువగా 70. గదిలోనే 40 ఉంటే లోపల డిస్క్ 50 దాటడం పెద్ద విషయం కాదు. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే కింద గాలి పోయే రంధ్రాలు మూసుకుపోతాయి. గట్టి టేబుల్ మీద పెట్టండి. లోపల దుమ్ము తీయించి ఏడాది దాటితే మార్చిలోనే తీయించండి. మార్కెట్ దగ్గరి దుకాణాల నుంచి వచ్చే లాప్‌టాప్‌లు విప్పితే ఫ్యాన్ రెక్కల మీద ఎర్రగా మిర్చి దుమ్ము, దాని మీద పత్తి నూగు పేరుకుని ఉంటాయి. చేత్తో తీస్తే చిన్న ముద్దలా వస్తుంది.

కూలర్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. లాప్‌టాప్ కాలిపోతున్నదని తెచ్చి కూలర్ ముందర పెట్టేవాళ్లు చాలామంది. అది ఏసీ గాలి కాదు, నీళ్ల తడి మోసుకొచ్చే గాలి. ఒక్కోసారి సన్నటి తుంపర్లు కూడా కొడుతుంది. బోర్డు మీద, కనెక్టర్ల మీద ఆ తడి చేరితే తుప్పు పడుతుంది. మీరు కూలర్ ముందర కూర్చోండి, లాప్‌టాప్‌ను పక్కకు పెట్టండి. ఫ్యాన్ గాలి చాలు.

వేడి కంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది కరెంటు. మే నెల సాయంత్రాల్లో గాలిదుమారం లేచి కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. బ్యాటరీ బాగున్న లాప్‌టాప్‌కు దానితో ఇబ్బంది లేదు, ఆ బ్యాటరీయే దానికి యూపీఎస్. అసలు ప్రమాదం బ్యాటరీ చచ్చిపోయి, వైరు మీదే నడిచే లాప్‌టాప్‌లది. దుకాణాల్లో, ఆఫీసుల్లో ఇవే ఎక్కువ. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టికను ఎస్ఎస్‌డీ ఎప్పటికప్పుడు రాసుకుంటూ ఉంటుంది. ఆ రాత మధ్యలో కరెంటు పోతే పట్టిక చెడి, మొత్తం డిస్కే మొరాయించవచ్చు. కాబట్టి డిస్క్‌కు డబ్బు పెట్టే ముందు బ్యాటరీకి పెట్టండి, లేదంటే చిన్న యూపీఎస్ మీద నడపండి. ఉరుములు మొదలైతే ఛార్జర్ ప్లగ్గు పీకేయండి.

కాపీ లేనిదే ఏ జాగ్రత్తా జాగ్రత్త కాదు

ఎంత చూసుకున్నా డిస్క్ ఏదో ఒకరోజు పోతుంది. కాబట్టి అసలు పని బ్యాకప్. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట అనేది పాత పద్ధతే అయినా ఇప్పటికీ సరైనది. లాప్‌టాప్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. బయట కాపీ ఎందుకంటే, 2023 జూలైలో వరద వరంగల్ కాలనీల్లో ఇళ్లలోకి వచ్చినప్పుడు లాప్‌టాప్, దాని పక్కనే అల్మారాలో పెట్టిన బ్యాకప్ డిస్క్ రెండూ ఒకే నీళ్లలో తడిసే పరిస్థితి. కాపీ అయిపోగానే ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను తీసి పక్కన పెట్టాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే వైరస్‌కు కూడా రెండూ ఒకేసారి దొరుకుతాయి. పెన్‌డ్రైవ్‌ను మాత్రం బ్యాకప్ అనుకోకండి, ఫైళ్లు అటూ ఇటూ మోయడానికే దాన్ని వాడండి.

ఏం కాపీ చేస్తున్నారో చూసుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేసి అయిపోయిందనుకుంటారు. లెక్కలు రాసే ప్రోగ్రాం టాలీ డేటా మామూలుగా అక్కడ ఉండదు. టాలీలో కంపెనీ ఎంచుకునే తెర మీదే డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో దారి కనిపిస్తుంది, దాన్ని రాసిపెట్టుకోండి. డీటీపీ వాళ్లు అను ఫాంట్లతో చేసిన పాత పేజీమేకర్ ఫైళ్లతోపాటు ఆ ఫాంట్లను కూడా దాచుకోవాలి. అవి లేకపోతే ఫైలు తెరుచుకున్నా అక్షరాలు రావు. పీహెచ్‌డీ చేసేవాళ్లు థీసిస్ ఒక్కటే కాదు, సర్వే డేటా, స్కాన్ చేసిన పాత పేజీలు కూడా చూసుకోండి. థీసిస్ మళ్లీ రాయొచ్చు, ఊళ్లు తిరిగి సేకరించిన వివరాలు మళ్లీ రావు. ఇక కాపీ చేసిన ఫైళ్లలో ఒకటి రెండు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

ఇంకొకటి, బిట్‌లాకర్. కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలావాటిలో మనకు తెలియకుండానే డిస్క్ తాళం పడుతుంది. దొంగతనం జరిగితే అది మంచిదే. కానీ మదర్‌బోర్డు పోయి, డిస్క్ తీసి వేరే మెషీన్‌కు పెట్టినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే డిస్క్ నిక్షేపంగా ఉన్నా డేటా రాదు, నేను కాదు కదా ఎవరూ తీయలేరు. ఈరోజే అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి, ఇంటి పత్రాలతోపాటు దాచండి.

గుర్తులు కనబడితే

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి నెలకోసారి చూడండి. నీలం రంగులో గుడ్ అని ఉంటే సరే. పసుపు రంగులో కాషన్ అని పడితే కొత్త డిస్క్ కొనే ఆలోచన తర్వాత, అదే రోజు కాపీ తీయాలి. ఎరుపులో బ్యాడ్ అంటే చెప్పక్కర్లేదు. హెచ్‌డీడీలో ముఖ్యంగా చూడాల్సినవి 05, సీ5, సీ6 అనే వరుసలు. 05 అంటే పాడైపోయి పక్కన పెట్టిన భాగాలు, సీ5 అంటే చదవడానికి మొరాయిస్తున్న భాగాలు, సీ6 అంటే ఇక సరికానివి. ఆ అంకెలు వారం వారం పెరుగుతుంటే డిస్క్ దిగజారుతున్నట్టే. అయితే గుడ్ అని ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. గుడ్ అని చూపిస్తూనే పోయినవీ ఉన్నాయి. ఒక ఫోల్డర్ తెరవగానే మొత్తం బిగుసుకుపోవడం, ఫైళ్ల పేర్లు చిత్రంగా మారడం, ఎస్ఎస్‌డీ ఉన్నట్టుండి ఏదీ సేవ్ చేయనివ్వకపోవడం, టక్ టక్ చప్పుడు, వీటిని ప్రోగ్రాం కంటే ముందు మీరే గమనిస్తారు.

మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాసే అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, టక్ టక్ అంటున్నది, తెరుసుకుంటలేదు. రీస్టార్ట్ కొట్టి చూడాల్నా?" అన్నాడు. "వద్దు తమ్మీ, పవర్ బటన్ ఒత్తి పట్టుకో, బంద్ చెయ్యి. మళ్ల ఆన్ చెయ్యకు, అట్లనే పట్టుకరా" అన్నాను. అతను అక్షరాలా అదే చేశాడు. డిస్క్ తీసి, లినక్స్ పెన్‌డ్రైవ్‌తో నడిచే వేరే మెషీన్‌కు తగిలించి, డీడీరెస్క్యూతో కొత్త డిస్క్‌లోకి దింపాను. ఆ ప్రోగ్రాం ముందు సులువుగా చదవగలిగిన భాగాలన్నీ లాగేసి, మొరాయించేవాటి దగ్గరికి చివర్లో వస్తుంది. టాలీ ఫోల్డర్ మొత్తం వచ్చింది. పోయినవి కొన్ని విండోస్ ఫైళ్లు మాత్రమే.

అదే చప్పుడు వచ్చాక యూట్యూబ్ చూసి రాత్రంతా చెక్‌డిస్క్ నడిపిన వాళ్లూ నా దగ్గరికి వస్తారు. విండోస్‌తో వచ్చే చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ను, అంటే డిస్క్‌లో ఫైళ్ల అమరికను సరిచేయడం, మీ డేటాను కాపాడడం కాదు. చచ్చిపోతున్న డిస్క్‌లో ప్రతి భాగాన్నీ మళ్లీ మళ్లీ చదివిస్తుంది, ఫోల్డర్లను విరిచి పేరులేని ముక్కలుగా పడేస్తుంది. చెదిరిన ఫైళ్లను ఒకచోట సర్దే డీఫ్రాగ్ కూడా అంతే. విండోస్ మళ్లీ ఎక్కించడం అన్నిటికంటే ఘోరం. ఫ్రిజ్‌లో పెట్టడం, తట్టడం, డిస్క్ మూత విప్పి చూడడం వద్దే వద్దు. మూత విప్పితే లోపలికి పోయే ఒక్క ధూళి కణం చాలు హెడ్‌ను పాడుచేయడానికి, దానికి దుమ్ములేని గది కావాలి. వరదలో తడిసిన డిస్క్‌కు ఆరబెట్టి కరెంటు ఇవ్వకండి. ఎస్ఎస్‌డీలో పొరపాటున ఫైళ్లు డిలీట్ అయితే వెంటనే ఆపేయండి, ట్రిమ్ అనే ఏర్పాటు ఆ జాగాను కాసేపట్లోనే తుడిచేస్తుంది.

డిస్క్ ఇంకా తెరుచుకుంటుంటే చిన్నవి, మళ్లీ దొరకనివి ముందు తీయండి. లెక్కలు, థీసిస్, పత్రాల స్కాన్లు, తర్వాత ఫొటోలు. సినిమాల జోలికి పోకండి. అసలు తెరుచుకోక, డేటా విలువైనదైతే ఊళ్లో నలుగురి చేతుల్లో పెట్టకుండా నేరుగా హైదరాబాద్‌లో డేటా రికవరీ ల్యాబుకు ఇవ్వడం మేలు. ముందు పరీక్షించి రేటు చెప్పే చోటికే ఇవ్వండి.

కొత్తది వేయించేటప్పుడు

వారంటీ ఉంటే ముందు అటు చూడండి. లాప్‌టాప్ బిల్లు, అడుగున ఉన్న సీరియల్ నంబర్ ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి. వారంటీ డిస్క్‌కే, డేటాకు కాదు. సర్వీస్ సెంటర్‌లో సంతకం పెట్టించుకునే కాగితంలో ఆ మాట ఉంటుంది. పైగా వారంటీలో మార్చిన పాత డిస్క్ మామూలుగా కంపెనీకి వెళ్లిపోతుంది. కాబట్టి డేటా కావాలంటే ఇచ్చే ముందే తీయించుకోవాలి. వారంటీలో ఉండి కూడా తిప్పుతూ ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

బయట కొనేటట్టయితే మీ లాప్‌టాప్‌కు సరిపోయేది ఏదో చూసుకోకుండా ఆర్డర్ పెట్టకండి. పాతవాటిలో 2.5 అంగుళాల సాటా (పాతరకం కనెక్షన్) డిస్క్ ఉంటుంది, దాని స్థానంలో సాటా ఎస్ఎస్‌డీ నేరుగా కూర్చుంటుంది. కొత్తవాటిలో ఎం.2 అనే సన్నటి పట్టీలాంటి డిస్క్ ఉంటుంది, ఎక్కువగా 2280 సైజు, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. ఎం.2లో సాటా కనెక్షన్‌ది ఒకటి, దానికంటే వేగమైన ఎన్‌వీఎంఈ కనెక్షన్‌ది ఒకటి. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదానికే పనిచేసే స్లాట్‌లో రెండోది పనిచేయదు. కొన్ని చవక లాప్‌టాప్‌లలో, ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది, సులువుగా మార్చలేం. పాత హెచ్‌డీడీ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే ముసలి లాప్‌టాప్ కూడా లేచి పరిగెడుతుంది, ఈ ఖర్చుకు వచ్చే ఫలితం మరి దేనికీ రాదు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్నా, మన ఊళ్లో కొన్నా జీఎస్‌టీ బిల్లు మీద డిస్క్ సీరియల్ నంబర్ రాయించుకుని, కంపెనీ సైటులో సరిచూడండి. మంచి కంపెనీలు మూడేళ్లో ఐదేళ్లో వారంటీ ఇస్తాయి, బిల్లు లేకపోతే అది ఉన్నా లేనట్టే. నమ్మలేనంత చవకగా దొరికే రెండు టీబీల డిస్క్‌లలో నకిలీలుంటాయి. సైజు పెద్దగా చూపిస్తాయి, నిండుతున్న కొద్దీ ఫైళ్లు మాయమవుతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ప్రోగ్రాం మొత్తం నింపి చదివి నిజం తేలుస్తుంది, కొన్న రోజే నడపండి.

వేయించేటప్పుడు విండోస్ కోసం మళ్లీ డబ్బులు కట్టకండి. లాప్‌టాప్‌తో వచ్చిన ఒరిజినల్ విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, అదే ఎడిషన్ ఎక్కించి నెట్ ఇస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి మీ మెషీన్ తీసుకునేదైతే 11 వేయించండి.

పాత డిస్క్‌ను వెంటనే పారేయకండి. కొత్తదాంట్లో అన్నీ తెరిచి చూసి, మర్చిపోయిన ఫోల్డర్ ఏదీ లేదని తేలాక, ఒక నెల తర్వాత చూడండి. అందులో ఆధార్, పాన్, బ్యాంకు కాగితాల స్కాన్లు ఉంటాయి కాబట్టి పాతసామానుకు అట్లాగే వేయొద్దు. పనిచేస్తుంటే మొత్తం తుడిపించండి. పనిచేయని హెచ్‌డీడీ అయితే పళ్లేలను నాశనం చేయాలి. లాప్‌టాప్ హెచ్‌డీడీల్లో పళ్లేలు చాలావరకు గాజువి, సుత్తితో కొడితే ముక్కలు ఎగురుతాయి. మందపాటి గుడ్డలో చుట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా పంపి కొట్టండి.