పడుకునే ముందు వుజూ: నిద్రకు సాయపడేలా చేసుకునే పద్ధతి

పక్క మీదికి చేరబోయే ముందు నమాజుకు చేసినట్టే వుజూ (ముఖం, చేతులు, పాదాలు కడుక్కుని, తల తుడుచుకునే శుద్ధి) చేసి, కుడివైపు తిరిగి పడుకోమని ప్రవక్త ముహమ్మద్ (స) తన సహచరుడు బరా బిన్ ఆజిబ్ (రజి)కు చెప్పారు. ఈ హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం) బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాల్లోనూ ఉంది. ఇది సున్నత్ (ప్రవక్త ఆచరణ), ఫర్జ్ (తప్పనిసరి విధి) కాదు. రాత్రి నమాజైన ఇషాకు చేసిన వుజూ నిలిచి ఉంటే మళ్లీ చేయనక్కర్లేదు.

మూత్రవిసర్జన, నీళ్లు తాగడం, మందులు, అలారం అన్నీ ముందే కానివ్వాలి. చాలామందికి నిద్ర చెడేది ఇక్కడే: వుజూ చేసి వచ్చి, ఫోను అందుకుంటారు. నెయిల్ పాలిష్ ఉంటే నీరు గోరుకు తగలదు కాబట్టి తీసేయాలి. రాత్రి రాసుకునే క్రీము వుజూ అయ్యాకే.

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి. చేతులు, పాదాల చర్మంలో రక్తనాళాలు విప్పారినప్పుడు ఆ వేడి అక్కడినుంచి బయటికి పోతుంది. చన్నీళ్లు వాటిని ముడుచుకుపోయేలా చేస్తాయి, ఒళ్లు ఉలిక్కిపడుతుంది. పాదాలు చల్లగా ఉంటే నిద్ర ఆలస్యంగా పడుతుంది. అయితే వుజూ రెండు మూడు నిమిషాల పని. పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు చేసే వేడినీళ్ల స్నానమంత ప్రభావం దీనినుంచి ఆశించకూడదు.

బాత్రూములో చిన్న దీపం చాలు, తెల్లటి వెలుగు మెదడును మేల్కొలుపుతుంది. మిస్వాక్ (పళ్లు తోముకునే పుల్ల) లేదా బ్రష్ ముగించి, మనసులో నియ్యత్ (సంకల్పం) చేసుకుని, బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టండి. చేతులు మణికట్టు దాకా మూడుసార్లు, పుక్కిలింత మూడుసార్లు, ముక్కులోకి నీళ్లు ఎక్కించి ఎడమచేత్తో చీదడం మూడుసార్లు. తర్వాత ముఖం: నుదుటి జుట్టు మొదలు నుంచి గడ్డం కింది దాకా, ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా. కుడిచేయి, ఎడమచేయి మోచేతులతో సహా. తడిచేతులతో తలకు ఒకసారి మసహ్ (తుడవడం), చెవులకూ అలాగే. చివరగా కుడిపాదం, ఎడమపాదం చీలమండలతో సహా, చిటికెనవేలితో వేళ్ల సందులు తోముతూ. నిద్రమత్తులో ఎక్కువగా పొడిగా మిగిలిపోయేవి మడమలు, మోచేతులు.

ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే ముప్పావు లీటరు లోపే, వుజూ పూర్తిచేసేవారు. ఒక చెంబెడు నీళ్లు పక్కన పెట్టుకుంటే వృథా పోదు.

సందేహం మనిషిని నిద్రకు దూరం చేస్తుంది. కడిగానా లేదా అనుకుంటూ మళ్లీ మళ్లీ మొదలుపెట్టేవారు ఉన్నారు. మూడుసార్లకు మించి కడగడం తప్పు. వుజూ ముగిశాక వచ్చే అనుమానాన్ని పట్టించుకోవద్దు, నిశ్చింతగా వెళ్లి పడుకోండి.

పాదాలు, వేళ్ల సందులు పొడిగా తుడిచి, చలిగా ఉంటే మేజోళ్లు తొడుక్కోండి. పక్క దులిపి, కుడివైపు తిరిగి, కుడిచేయి చెంప కింద పెట్టుకోండి. ఖుర్ఆన్ వాక్యమైన ఆయతుల్ కుర్సీ చదివి, సుబ్‌హానల్లాహ్ 33, అల్‌హమ్దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34 సార్లు, ఊపిరి తీసుకుంటూ నెమ్మదిగా. పై హదీసులోనే ప్రవక్త (స) బరా (రజి)కు నేర్పిన దువా (ప్రార్థన) ఆఖరి మాటగా ఉండాలి. ఆ తర్వాత కబుర్లు వద్దు.

జనాబత్ (లైంగిక సంబంధం వంటివాటి తర్వాత స్నానం అవసరమైన) స్థితిలో శుద్ధి స్నానమైన గుస్ల్‌కు ముందే పడుకోవాల్సివస్తే, కనీసం వుజూ చేసి పడుకోవచ్చని సహచరుడు ఉమర్ (రజి)కు ప్రవక్త (స) నుంచి జవాబు దొరికింది.

వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలలుగా నిద్ర కరువైనా, గురకతో ఊపిరి ఆగుతున్నా డాక్టరును కలవాలి, వుజూ ఆపనక్కర్లేదు. పడుకున్నాక వుజూ భంగమైతే లేచి మళ్లీ చేయాల్సిన నిర్బంధం లేదు, జిక్ర్ (దైవస్మరణ) కొనసాగించండి. గాఢనిద్ర వుజూను భంగపరుస్తుంది కాబట్టి తెల్లవారుజాము నమాజైన ఫజ్ర్‌కు కొత్తగా చేసుకోవాలి.