పాట చేతికి వచ్చాక: సోషల్ మీడియాలో కొత్త శ్రోతలను చేరుకునే పద్ధతి

మిక్సింగ్, మాస్టరింగ్ ముగిసి చివరి ఫైలు చేతికి వచ్చిన రాత్రే దాన్ని యూట్యూబ్‌లో పెట్టేయాలన్న తొందర కొత్తగా పాట చేసిన ప్రతి ఒక్కరికీ ఉంటుంది. హైదరాబాద్‌లోని కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీలలోని ఒంటిగది స్టూడియోలలో పుట్టిన మంచి పాటలు ఎన్నో ఆ తొందర వల్లే వినేవారు లేక మిగిలిపోయాయి. వాటిలో మాదీ ఒకటి ఉంది. కొన్నేళ్ల క్రితం ఎంతో ఇష్టపడి చేసిన బతుకమ్మ పాటను సరిగ్గా పండగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాటి ఉదయం విడుదల చేశాం. ఏ పాటలకు ఆడాలో కాలనీలలో ఆడవాళ్లు మొదటి రోజైన ఎంగిలిపూల నాటికే అనుకుని, సౌండ్ సిస్టమ్ అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించేసి ఉంటారన్న సంగతి మాకు తట్టలేదు. ఆ సాయంత్రానికి మా పాట విన్నవారిలో ఎక్కువ మంది మా బంధువులే.

ఆ దెబ్బతో నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. వ్యూస్ అంకెను చూసి మురిసిపోవడం తేలికే గాని, రీల్ చూసినవారిలో ఎందరు పూర్తి పాటను వెతుక్కుంటూ వచ్చారన్నదే అసలు లెక్క అని నా నమ్మకం. విడుదల తేదీ నిర్ణయించడం మొదలుకొని కామెంటుకు జవాబివ్వడం వరకు ప్రతి పనినీ ఆ లెక్కతోనే తూచుకోవాలి.

తేదీని వెనక నుంచి లెక్కించడం

పండగ పాట అయితే పండగకు కనీసం నాలుగు వారాల ముందే జనంలో ఉండాలి. ఆషాఢంలో గోల్కొండలో మొదలయ్యే బోనాలు ఆ తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, లాల్‌దర్వాజల మీదుగా నెలంతా సాగుతాయి కాబట్టి, బోనాల పాటను జ్యేష్ఠంలోనే సిద్ధం చేసుకుంటే ప్రతి ఆదివారమూ దానికి ఒక కొత్త సందర్భం దొరుకుతుంది. వినాయక చవితి పాటకైతే మండపాల కమిటీలు చందాలు మొదలుపెట్టే నాటికి పాట వారి ఫోన్లలో ఉండాలి. పండగతో సంబంధం లేని పాటకు ఇంత కంగారు అవసరం లేదు. అయినా పెద్ద హీరో సినిమా విడుదలయ్యే వారాన్ని తప్పించుకోవడం మంచిది, ఆ వారం అందరి ఫోన్లూ ఆ పాటలతోనే నిండిపోతాయి.

స్పాటిఫై, జియోసావన్, ఆపిల్ మ్యూజిక్ వంటి వేదికలకు పాటను మీరు నేరుగా పంపలేరు. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ వంటి పంపిణీ సంస్థ ద్వారా పంపాలి. విడుదలకు మూడు, నాలుగు వారాల ముందే ఫైలు ఎక్కించేయండి. విడుదల కాని పాటను స్పాటిఫై ఎడిటర్ల దృష్టికి తీసుకువెళ్లే సదుపాయం ‘స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్’ పేజీలో ఉంది. విడుదలకు కనీసం 7 రోజుల ముందు ఆ వివరాలు నింపితే, ప్లేలిస్టులో చోటు దొరికినా దొరకకపోయినా, మిమ్మల్ని అనుసరించేవారికి కొత్త పాటలు చూపే ‘రిలీజ్ రాడార్’ జాబితాలోకి మీరు ఎంచిన పాట చేరుతుంది. ఇన్‌స్టాగ్రామ్ మ్యూజిక్ లైబ్రరీలోకి కూడా పాట ఈ పంపిణీ సంస్థ ద్వారానే వెళుతుంది. ఫారంలో ఇన్‌స్టాగ్రామ్ యజమాని సంస్థ మెటాకు సంబంధించిన గడిలో టిక్కు పెట్టడం మరిచిపోతే, మీ పాట మీద రీల్ చేద్దామనుకున్నవారికి అది వెతికినా దొరకదు.

ఎవరి కోసం పాడారు?

2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించాక అదే ఏడాది జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. అప్పటి నుంచి పాట పల్లె నుంచి పట్నానికి, పట్నం నుంచి పరదేశానికి నిమిషాల్లో ప్రయాణిస్తోంది. ఎక్కడికైనా వెళ్లగలదు కదా అని అందరికీ ఒకే పోస్టు పెడితే మాత్రం అది ఎవరికీ తగలదు. వలస మీద పాట రాసుకుంటే దాని మొదటి శ్రోత దుబాయ్‌లోనో మస్కట్‌లోనో క్యాంపు గదిలో ఉన్న జగిత్యాల, నిజామాబాద్ మనిషి. లేదా ఇక్కడ ఊళ్లో అతని ఫోను కోసం ఎదురుచూసే ఇల్లాలు. మాదాపూర్ హాస్టల్ జీవితం మీద ర్యాప్ చేస్తే శ్రోత వేరు, సమయం వేరు, మాటతీరు వేరు. సినిమాతో నిమిత్తం లేకుండా సొంత తెలుగు పాటలతో పేరు తెచ్చుకున్న హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తాను గమనించండి: పాటలోని యాస, దరువు వినగానే అది వారిదేనని తెలిసిపోతుంది. శ్రోత మనసులో అలాంటి గుర్తు పడాలంటే మీ పేజీలో పది రకాల వేషాలు ఉండకూడదు.

శ్రోత ఎవరో తేలితే సమయం దానంతట అదే తేలుతుంది. హైదరాబాద్‌లో రాత్రి 9 గంటలకు విడుదల చేస్తే దుబాయ్‌లో సాయంత్రం 7:30, వేసవి నెలల్లో డాలస్‌లో ఉదయం 10:30 అవుతుంది. మీ పాట గల్ఫ్ కోసమే అయితే రాత్రి 9 గంటల సమయం శుభ్రంగా సరిపోతుంది. అమెరికాలోని మనవారి కోసమైతే అక్కడి శనివారం ఉదయాన్ని ఎంచుకోండి.

పాటను ముక్కలుగా కోయడం

నాలుగు నిమిషాల పాటలో జనం నోట నిలిచేది ఒక వాక్యమో, ఒక దరువో. సినిమావాళ్లు హుక్ లైన్ అనే ఆ ముక్కను పట్టుకోవడానికి నేను పాటించే పరీక్ష చాలా చిన్నది: పాటను ఒక్కసారి మాత్రమే విన్న నలుగురిని మరునాడు ఏం గుర్తుందో కూనిరాగం తీయమంటాను. వారు తీసింది మన పల్లవి కాక రెండో చరణం చివరి పాదమైనా సరే, రీల్ దానితోనే చేయాలి. ఇక్కడ పాట రాసిన కవిగారికి కొంచెం కోపం రావచ్చు; వచ్చినా మనం జనం మాటే వినాలి.

రీల్స్, షార్ట్స్ రెండింటిలోనూ ఇప్పుడు 3 నిమిషాల వీడియో పెట్టవచ్చు గాని, పరిచయం కోసం చేసే ముక్కకు 20 నుంచి 30 సెకన్లు చాలు. వీడియోను 1080, 1920 పిక్సెళ్ల నిలువు కొలతలో తీయండి. అన్నిటికంటే ముఖ్యం మొదటి మూడు సెకన్లు. మా పాత వీడియో ఒకదానిలో 20 సెకన్ల పాటు తిరిగే లోగో, దాని వెనకే సమర్పణ, నిర్మాత పేర్లు, ఆ తర్వాత కేబుల్ బ్రిడ్జి మీద డ్రోన్ షాటు ఉండేవి. ఛానెల్ లెక్కలు చూపే యూట్యూబ్ స్టూడియో పేజీలో ప్రేక్షకులు ఎంతసేపు నిలిచారో చూపే గీత ఆరో సెకను దగ్గర గుట్ట అంచు నుంచి జారినట్టు కిందికి పడిపోయింది. గాయని గొంతు వినిపించేసరికి వినేవారు చాలావరకు వెళ్లిపోయారు.

ఖర్చు లేకుండా తీసిన మరో ముక్కను దానితో పోల్చి చూడండి. రికార్డింగ్‌కు ముందు స్టూడియో బయట గల్లీలో డప్పు వాయించే అన్న పాత పేపర్లు, అట్టముక్కలు పోగేసి మంట పెట్టి, డప్పును దాని మీద తిప్పుతూ కాపుతున్నారు. మధ్యమధ్య వేలితో కొట్టి వింటున్నారు. చర్మం బిగుసుకున్న కొద్దీ శబ్దం మొద్దుగా ఉన్నది కాస్తా పదునెక్కుతోంది. మా కుర్రాడు ఫోన్లో అది తీశాడు. మంట దృశ్యంతో మొదలై, వేలి దెబ్బలు రెండు వినిపించి, మూడో దెబ్బ పడేచోట స్టూడియోలో రికార్డయిన అసలు దరువుకు కలిపేశాం. మొత్తం 24 సెకన్లు. అది చూసి ‘ఈ పాట ఎక్కడుంది అన్నా’ అని అడిగినవారు పెద్ద వీడియోకు వచ్చిన మొత్తం కామెంట్లకంటే ఎక్కువ. పని జరుగుతున్నప్పుడు ఫోను తీసే మనిషిని ఒకరిని నియమించుకోండి. తర్వాత నటించి తీస్తే ఆ జీవం రాదు.

శబ్దం ఆపేసి చూసేవారు చాలామంది ఉంటారు కాబట్టి పాదాలను తెర మీద రాయాలి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో తెలుగు వత్తులు విడిపోతాయి, దీర్ఘాలు పక్కకు జరుగుతాయి. ఎగుమతి చేశాక ఒకసారి కళ్లతో చదివి చూడనిదే పోస్టు చేయకండి. తప్పు తెలుగు కనబడితే కామెంట్లన్నీ పాటను వదిలి దాని మీదికే వెళతాయి.

పేరు, లింకు, వెతుకులాట

పాట పేరును తెలుగు లిపిలో రాయడం మన మర్యాద. ఇంగ్లీషు అక్షరాలలో కూడా రాయడం మన అవసరం, ఎందుకంటే తెలుగు చక్కగా చదవగలిగినవారు కూడా ఫోన్లో వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొడతారు. చిక్కంతా అక్కడే ఉంది. బతుకమ్మలోని ‘తు’కు కొందరు ‘టి’ ఒక్కటే వేస్తారు, కొందరు దాని పక్కన ‘హెచ్’ చేరుస్తారు. చివరి ‘మ్మ’కు ‘ఎమ్’ ఒకసారి వేసేవారూ ఉన్నారు. ఎక్కువ మంది వాడే రూపాన్ని శీర్షికలో, మిగిలినవాటిని వివరణలో పెట్టండి. గాయకులు, రచయిత, స్వరకర్త, వాద్యకారుల పేర్లన్నీ వివరణలో ఉండాలి; పాట సాహిత్యం మొత్తం అక్కడే ఇస్తే ఒక పాదం మాత్రమే గుర్తున్నవారికి కూడా పాట దొరకవచ్చు.

రీల్ నుంచి పూర్తి పాటకు దారి వేయకపోతే ఇంత శ్రమా వృథా. షార్ట్స్ కింద వివరణలోనూ కామెంట్లలోనూ పెట్టిన లింకులు 2023 ఆగస్టు నుంచి పనిచేయడం లేదు. దానికి బదులు షార్ట్ ఎడిట్ చేసే చోట ‘రిలేటెడ్ వీడియో’ అన్న గడిలో మీ పూర్తి పాటను ఎంచుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాసిన లింకు నొక్కినా తెరుచుకోదు. మీ పేజీ పైన ఉండే బయోలో గాని, స్టోరీలో లింకు స్టిక్కరుగా గాని పెట్టాలి. సంగీతకారులు ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతా కాకుండా క్రియేటర్ ఖాతా తీసుకోవడం మేలు, బిజినెస్ ఖాతాలకు లైబ్రరీలోని పేరున్న పాటలు చాలావరకు అందవు. నృత్యం చేసేవారో, తోటి గాయకులో మీ పాట మీద రీల్ చేస్తే ‘కొలాబ్’ పద్ధతిలో ఇద్దరి పేజీలలో ఒకే పోస్టుగా పెట్టించండి. లైకులు, కామెంట్లు ఒకేచోట చేరడమే కాక, వారి శ్రోతల ముందుకు మీరు నేరుగా వెళతారు.

ఫోను బయట దొరికే శ్రోతను కూడా ఇక్కడికే తీసుకురావచ్చు. బంజారాహిల్స్‌లోని లామకాన్ వంటి సాంస్కృతిక వేదికలో పాడే అవకాశం వస్తే, పూర్తి పాటకు దారి చూపే క్యూఆర్ కోడ్‌ను ఒక అట్ట మీద అంటించి వేదిక పక్కన నిలబెట్టండి. కచేరీలో విని వచ్చిన నలభై మంది, రీల్ చూసి దాటిపోయిన నాలుగు వేల మందికంటే ఎక్కువకాలం నిలుస్తారు.

హక్కుల కాగితం

ఈ భాగం విసుగ్గా ఉంటుంది, అయినా దాటవేయకండి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి కొన్న ఒక బీట్ (ముందే తయారైన దరువు) మీద మేము పాట చేస్తే, అదే బీట్ కొన్న మరొకరు తమ పాటను ముందుగా, ఒకే సంగీతం ఉన్న వీడియోలను పట్టే యూట్యూబ్ ఏర్పాటు కంటెంట్ ఐడీలో నమోదు చేయించారు. మా పాట మీద అది తమదేనన్న క్లెయిమ్ పడింది. అలాంటప్పుడు కొన్న రసీదు, లైసెన్సు కాగితం జతచేసి డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయాలి. అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోగా మీరు డిస్ప్యూట్ వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని తేలేదాకా యూట్యూబ్ పక్కన ఉంచుతుంది. వీలైతే దరువు మీ వాద్యకారులతోనే వాయించుకోండి.

స్నేహితుడు రాసిన పాటకైనా కాగితం రాసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగానే ఉండాలి. కాలపరిమితి రాయకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. గల్ఫ్‌లో, అమెరికాలో వినిపించాల్సిన పాటకు ప్రాంతం పేర్కొనే ఆ ఒక్క వాక్యం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. రచయిత, స్వరకర్త తమ రాయల్టీలు వసూలు చేసిపెట్టే సంఘమైన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులై పాటను నమోదు చేయించుకోవాలి. జానపదం పాతదే కావచ్చు. మీకు ఆ బాణీ వినిపించిన అవ్వ పేరు వివరణలో రాసి, వచ్చినదాంట్లో ఆమెకు ఇవ్వవలసింది ఇవ్వండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

పది వేల వ్యూస్ ఇంత, లక్ష ఇంత అని ధర చెప్పేవారి జోలికి వెళ్లకండి. స్పాటిఫై 2024 నుంచి దొంగ స్ట్రీములు (కృత్రిమంగా పెంచిన వినికిడి లెక్క) పట్టుబడిన పాటలకు జరిమానా వేస్తోంది, అదీ పంపిణీ సంస్థ ద్వారా మీ నెత్తినే పడుతుంది. అదే ఏడాది నుంచి గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని పాటకు అక్కడ రాయల్టీ రావడం లేదు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గాని, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గాని కావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లోకి రాదు. అందుకే మొదటి ఏడాది ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే మనశ్శాంతి.

ప్రకటనకు డబ్బు పెట్టదలిస్తే, పది ముక్కలు ఉచితంగా పెట్టి, వాటిలో తనంతట తానే నడిచిన ఒక్కదానికే పెట్టండి. నడవని రీల్‌ను డబ్బుతో మోస్తే డబ్బు ఆగిన రోజే అదీ ఆగుతుంది. ప్రాంతాన్ని ‘ఇండియా’ అని వదిలేయకుండా కరీంనగర్, వరంగల్ అని జిల్లా స్థాయికి కుదించండి.

విడుదల తర్వాతి నాలుగు వారాలు

విడుదలైన మొదటి గంటలో వచ్చిన ప్రతి కామెంటుకూ అది వచ్చిన యాసలోనే జవాబివ్వండి. ‘మస్తుందన్నా’ అన్నవారికి ‘మీ స్పందనకు ధన్యవాదాలు’ అని రాస్తే ఆఫీసు ఉత్తరంలా ఉంటుంది. వాట్సాప్ స్టేటస్ 24 గంటలే ఉంటుంది కాబట్టి వారానికి రెండుసార్లు కొత్త ముక్క పెట్టవచ్చు. గ్రూపుల్లో మాత్రం ఒక్కసారికి మించి పంపకండి, మూడోసారికి మేనమామ కూడా మ్యూట్ చేస్తాడు.

వారానికి ఒక రోజు, ఆదివారం రాత్రి అనుకోండి, రెండు అంకెలు పుస్తకంలో రాసుకోండి: ఆ వారం రీల్స్, షార్ట్స్ చూసినవారెందరు, పూర్తి పాటకు వచ్చినవారెందరు. మొదటిది పెరిగి రెండోది కదలకపోతే మీ లింకులోనో, పాట ఆరంభంలోనో లోపముంది. రెండూ తగ్గితే ముక్క మార్చండి. నాలుగో వారానికి మీ పాట మీద తెలియనివారు ఎవరో రీల్ చేసి ఉంటారు. వారు పల్లవిని వాడారా, చరణాన్నా అన్నది చూసి, వారి అనుమతితో ఆ వీడియోను మీ స్టోరీలో పెట్టి, మీ తర్వాతి ముక్కను సరిగ్గా అక్కడి నుంచే కత్తిరించండి.