రొయ్యల చెరువు మీద చురుకైన కొత్తవాడు: సమస్య - పరిష్కారం

2009లో మన దేశంలో వనామి రకం రొయ్యల సాగుకు అనుమతి వచ్చాక భీమవరం వైపు గట్ల మీద పని తీరే మారిపోయింది. నీటిని మీటరుతో చదివే కుర్రాళ్లు వచ్చారు. వాళ్లలో నిజంగా తెలివైనవాడు ఒకడు జట్టులో చేరితే ఏమవుతుందో మేనేజరుగా నాకు తెలుసు.

సమస్య: మేత ఎంత వేయాలో పనివాళ్లు మేనేజరును కాకుండా కొత్తవాడిని అడుగుతున్నారు.

కారణం: వాడు చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసేందుకు నీటిలో ఉంచే పళ్లెం) పైకి లాగి, మిగిలిన మేత చూపించి, రొయ్యను వెలుగుకు పట్టి పేగు నిండిందో లేదో చూపించి, ఆ తర్వాతే "తగ్గిద్దాం" అంటాడు. మేనేజరుకూ ఇదంతా తెలుసు. ఇన్నేళ్లుగా ఎవరూ ఎందుకని అడగలేదు కాబట్టి చెప్పే అలవాటు తప్పింది.

పరిష్కారం: ట్రే చూసేటప్పుడు ఇద్దరూ గట్టు మీద ఉండాలి. లెక్క మేనేజరే చెప్పాలి, కారణంతో సహా. వాదన ఉంటే షెడ్డులో, పనివాళ్లు లేనప్పుడు.

సమస్య: కొత్తవాడు సరైన మాట చెప్పినా మేనేజరు కొట్టిపారేస్తున్నాడు.

ఇది నేను చేసిన తప్పే. మబ్బు పట్టిన రాత్రి, కరెంటు పోయింది. డీజిల్ ఆదా చేద్దామని జనరేటరు మీద నీటికి గాలి అందించే ఏరేటర్లు సగమే తిప్పిస్తున్నాను. మూడు గంటలకు కుర్రాడు మీటరు పట్టుకొచ్చి, "మేనేజరు గారూ, ఆక్సిజన్ నాలుగు పీపీఎం కంటే దిగిపోయింది, మిగతావి కూడా వేయిద్దామండీ" అన్నాడు. నీటి రంగు చూస్తే నాకు తెలియదా అని పంపించేశాను. చీకట్లో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుందనీ, తెల్లవారుజామునే అది అడుగంటుతుందనీ వాడికంటే ముందు నేర్చుకున్నవాణ్ణి నేను. తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలి గట్టు వారకు చేరాయి.

కారణం: నా కోపం మీటరు మీద కాదు. అంతకు వారం ముందు నుంచి చెరువు యజమాని అయిన రైతు నాకు కాకుండా నేరుగా వాడికి ఫోను చేస్తున్నాడు. చాలా చోట్ల జట్టును చెడగొట్టేది కొత్తవాడు కాదు, ఆ ఫోనే.

పరిష్కారం: ముందు రైతుతో మాట్లాడాలి: కబురు ఏదైనా మేనేజరు ద్వారానే. రాత్రి రీడింగుల బాధ్యత కొత్తవాడికే రాసివ్వాలి; అంకె నాలుగుకు దగ్గరపడితే ఎవరినీ అడగకుండా ఏరేటర్లు వేసే అధికారంతో సహా. తప్పు చేసిన మేనేజరు అది అందరి ముందూ ఒప్పుకోవాలి. నాకు నాలుగు రోజులు పట్టింది.

సమస్య: పాత పనివాళ్లు వాడితో మాట్లాడడం మానేశారు.

కారణం: బరువు చూడడానికి విసురు వల వేసినప్పుడు కూరకని గుప్పెడు రొయ్యలు తీసుకోవడం మామూలు. వాడు వాటినీ పుస్తకంలో రాసేశాడు.

పరిష్కారం: కూర రొయ్యలకు తన అనుమతి ఉందని మేనేజరు ముందే వాడికి చెప్పాలి.

సమస్య: వాదించేవాడు ఇప్పుడు దేనికైనా "సరేనండీ" అంటున్నాడు.

కారణం: వేరే చోటు చూసుకుంటున్నాడు.

పరిష్కారం: జీతం పెంచి ఊరుకుంటే ఆ డబ్బుతో బండి కొనుక్కుని పక్క చెరువుకు వెళ్తాడు. రొయ్య పిల్ల వదలడం నుంచి పట్టుబడి వరకు రెండు చెరువులు పూర్తిగా అప్పగించండి. వాడి మేత లెక్క మీకు నచ్చకపోయినా, పంట ప్రాణం మీదికి వస్తే తప్ప అడ్డుపడకండి.